సిక్‌లైన్ ఎర్రజెండా

మా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో గొప్పవాళ్ళెవరని అడిగితే జనం ఫుట్‌బాల్ ఆడినవాళ్ళ పేర్లు చెబుతారు, యూనియన్ మీటింగుల్లో బల్ల గుద్దినవాళ్ళ పేర్లు చెబుతారు. తీతు కూతురు సూసన్న పేరు మాత్రం ఎవరి నోటా రాదు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నా పేరు ఎలీసమ్మ. బెంగాల్లోని ఈ ఊళ్ళోనే తెలుగు బడి టీచరుగా చేసి రిటైరయ్యాను. కోపం ముక్కు మీదే ఉంటుందని నాకు పేరు. సూసన్న చేత పలకా బలపం పట్టించింది నేనే. పక్క క్వార్టర్స్‌లో నా కళ్ళ ముందే పెరిగింది. కాబట్టి ఆమె గురించి గొప్పలు చెప్పుకునే హక్కు వాళ్ళ నాన్న తరవాత నాకే ఉంది.

సూసన్న ఏం పని చేస్తుందని అడిగితే వీధిలో వాళ్ళు "కంప్యూటర్" అని ఊరుకుంటారు. వడ్రంగిని చూపించి "కొయ్య" అన్నట్టుంటుంది. నేను అంతకంటే కొంచెం ఎక్కువే తెలుసుకున్నాను. వాళ్ళ ఆఫీసు యంత్రం యూనిక్స్ అనే పద్ధతిలో నడుస్తుంది. అందులో చిన్న చిన్న పనిముట్లలాంటి ప్రోగ్రాములు చాలా ఉంటాయి. కాగితం అచ్చు వేయించేది ఒకటి, జాబితాలు వరసలో పెట్టేది ఒకటి, ఇప్పుడు యంత్రం మీద ఎవరెవరు పని చేస్తున్నారో చెప్పేది ఒకటి. వంటింట్లో పట్టకారు, జల్లెడ, గరిటె ఉన్నట్టు. భోజనానికి వచ్చినవాళ్ళు కూర బాగుందంటారు గానీ పట్టకారు బాగుందని ఎవరైనా అన్నారా? ఆ పట్టకారు వదులైతే బిగించేది సూసన్న. ఆ పనికి దండలు వేయరు. వదులైన రోజు మాత్రం అందరూ వచ్చి అరుస్తారు.

వాళ్ళ నాన్న తీతు వ్యాగన్ ఫిట్టరు. జబ్బు చేసిన గూడ్సు వ్యాగన్లను విడిగా ఒక లైను మీద నిలబెట్టి బాగుచేస్తారు, దాన్నే సిక్‌లైన్ అంటారు. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. వ్యాగన్ కిందికి దూరేవాడు ముందు ఒక ఎర్రజెండా పాతాలి, దాని కర్రకు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ తగిలించాలి. జెండా ఉన్నంతసేపు ఇంజను ఆ వ్యాగన్‌ని ముట్టుకోకూడదు. పెట్టినవాడే జెండా తీయాలి, ఇంకొకడు తీశాడంటే కింద ఉన్నవాడి ప్రాణం తీసినట్టే. సూసన్న చిన్నప్పుడు క్యారేజీ పట్టుకుని మధ్యాహ్నం అక్కడికి వెళ్ళేది. ఒకసారి ఆడుకుంటూ పడిపోయిన జెండాను చేత్తో పట్టుకుందని తీతు ఆ పిల్ల వీపు విమానం మోత మోగించాడు. ఆడపిల్లని అలా కొడతావా అని నేను పోట్లాటకు వెళ్ళాను. "టీచరమ్మా, దెబ్బ రేపటికి మానిపోద్ది. ఆ బుద్ధి మాత్రం ఉండిపోవాల" అన్నాడు. ఉండిపోయింది, నిజమే. ఎంత గట్టిగా ఉండిపోయిందో తరవాత చెబుతాను.

స్కూలు ఫైనల్ అయ్యాక గోల్‌బజార్‌లో టైపు నేర్చుకుంది. ఎనభైల నడుమ రైల్వేలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. తరవాత రెండు మూడేళ్ళకు వాళ్ళ ఆఫీసులోకి యంత్రం దిగింది. ఆఫీసు పేరు నేను చెప్పను, చెబితే లేనిపోని తగువు. ఏసీ గదిలో చలి వేస్తుందని సీనియర్లు ఎవరూ అందులో కూర్చోనన్నారు. "నేను శాలువా కప్పుకుంటాను" అని సూసన్న వెళ్ళింది. ఆ శాలువాతోనే ఆ యంత్రాన్ని వశం చేసుకుంది. మొదట్లో ప్రోగ్రాముల లోపలి రాత కంపెనీ తన దగ్గరే దాచుకునేది, తప్పు కనిపించినా దిద్దే వీలుండేది కాదు. తొంభైల నడుమ పాత యంత్రం మూలబడింది. దాని స్థానంలో యూనిక్స్ లాంటిదే ఒక ఉచిత వ్యవస్థను చిన్న కంప్యూటర్ మీద పెట్టారు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో జీతం లేకుండా రాసి, లోపలి రాతతో సహా అందరికీ పంచిపెడుతున్నారట. ఆ మాట నాకు చెప్పిననాడు సూసన్న మొహం చూడాలి. "టీచరమ్మగారూ, తాళాలన్నీ నా సేతికిచ్చేసినారు" అంది.

ఆమె దిద్దిన మొదటి తప్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. యంత్రం మీద ఎవరున్నారో చెప్పే ప్రోగ్రాము ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళకు కూడా హాజరు వేసేదట. మా బడిలో ఒక మాస్టారి అలవాటు అదే, ఆయన్ని ఎవరూ దిద్దలేకపోయారు. సూసన్న ప్రోగ్రామును దిద్దింది. ఆ దిద్దుబాటును ఐఐటీలో తెలిసిన లెక్చరర్ ద్వారా ఈమెయిల్లో ఆ రాసేవాళ్ళకు పంపింది. వాళ్ళు థాంక్స్ చెప్పి పుచ్చుకున్నారు. అప్పటినుంచి అది ఆమెకు ఒక అలవాటయింది. ఇతరులకు తలనొప్పి అనిపించే చోట ఈమెకు ఆకలి వేసేది.

ఇక సింహాచలమ్మ సంగతి. ఆమె భర్త జగ్గారావు తీతు గేంగులోనే ఫిట్టరు. ఆయన ఉన్నట్టుండి పోతే రైల్వే ఆమెకు ఉద్యోగం ఇచ్చింది, ఫైళ్ళు మోసే పని. ఖాళీ దొరికినప్పుడల్లా కంప్యూటర్ గది గుమ్మం దగ్గర నిలబడి చూసేది. సూసన్న ఒకరోజు లోపలికి పిలిచి కీబోర్డు ముందు కూర్చోబెట్టింది. ఎనిమిదో క్లాసు చదువుతో ఆవిడ వ్యాగన్ నంబర్లు కొట్టడం నేర్చుకుంది, ఆ తరవాత జాబితాలు అచ్చుకు పంపడం నేర్చుకుంది. ఫైళ్ళు మోసే ఆవిడ కుర్చీలో కూర్చుంటే కొందరికి ఆ కుర్చీ కాళ్ళు తమ గుండెల మీద ఉన్నట్టుండేది. వాళ్ళు సమయం కోసం చూస్తూ ఉన్నారు.

తొంభై ఆరు వానాకాలంలో ఆ సమయం వచ్చింది. ఆ గదిలో రోజూ రెండు జాబితాలు అచ్చయ్యేవి. బాగైన వ్యాగన్లది ఒకటి, అది సింహాచలమ్మ పంపేది. ఇంకా జబ్బుగా ఉన్నవాటిది రెండోది, అది వేరొకరి టెర్మినల్, అంటే ఇంకో బల్ల మీది తెరా కీబోర్డూ, అక్కడినుంచి వెళ్ళేది. ఒకనాడు బాగైనవాటి జాబితాలో చక్రం చిట్లిన వ్యాగన్ నంబరు వచ్చింది. యార్డులో దేముడనే ఫిట్టరు చక్రం చూసి ఇంజను ఆపించాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ చక్రం ఏ వంతెన మీదో విరిగేది. జాబితా పంపింది ఎవరు? సింహాచలమ్మ. ఇంకేం కావాలి? అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అందరూ ఆమె మీద పడ్డారు. ఆఫీసరు మైతీ బాబు చెడ్డవాడు కాదు, కానీ ఆయన పైన ఆఫీసర్లున్నారు. ఆమెకు ఛార్జిషీటు టైపు చేయించాడు. అది చేతికి వస్తే కుర్చీ ఎలాగూ పోతుంది, ఉద్యోగం కూడా పోవచ్చు. ఉద్యోగం పోతే క్వార్టర్స్ ఖాళీ చేయాలి.

"అక్క తప్పు కాదు, ప్రోగ్రాము తప్పు" అంది సూసన్న. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని గదిలో నవ్వారు. మైతీ బాబు మాత్రం నవ్వలేదు. "చూపించు దీదీ, అందాకా సంతకం పెట్టను" అన్నాడు.

సూసన్న అచ్చు వేయించే ప్రోగ్రాము లోపలి రాత ముందు కూర్చుంది. ఒక కాగితం అచ్చవుతున్నంతసేపు రెండోది రాకుండా ఆ ప్రోగ్రాము ఒక గుర్తు పెడుతుంది, వాళ్ళు దాన్ని తాళం అంటారు. యంత్రంలో నడిచే ప్రతి పనికీ ఒక నంబరుంటుంది, ఆ నంబరును తాళం మీద రాస్తుంది. అంటే జెండా, దాని మీద బిళ్ళ. అంతవరకు బాగుంది. కానీ దాని కింద ఎవరో ఒక తెలివి చూపించారు. తాళం పెట్టి చాలాసేపైతే, పెట్టినవాడు చచ్చి ఉంటాడులే అనుకుని దాన్ని తీసేసి రెండో కాగితాన్ని పంపమన్నారు. చిన్న కాగితాలకు ఏ గొడవా లేదు. వానాకాలం వ్యాగన్ల జాబితా చాంతాడంత ఉంటుంది. మొదటిది ఇంకా సాగుతుండగానే రెండోది వచ్చి దాని మధ్యలో దూరింది.

ఆ సంగతి కనిపెట్టిన సాయంత్రం సూసన్న మా ఇంటికి వచ్చి రొప్పుతూ చెప్పింది. "కింద మనిషుండగానే జెండా పీకేస్తన్నారు టీచరమ్మగారూ!" ఆమెకు అంత కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు. ఆ తెలివిని నిలువునా కోసేసింది. పెట్టినవాడు తప్ప తాళాన్ని ఎవరూ తీయకూడదని రాసింది. అది చాలదన్నట్టు యంత్రం పక్కన గోడ మీద అదే మాట అట్టముక్క మీద రాసి అంటించింది.

జాబితాలు కలవడం ఆగిపోయింది. మైతీ బాబు సంతకం వాయిదా వేశాడు. మేమందరం హమ్మయ్య అనుకున్నాం. ఇంతలో ఒకరోజు సూసన్న సెలవు పెట్టి ఇందా పేటలో పెళ్ళికి వెళ్ళింది. ఆ రోజే సింహాచలమ్మ టెర్మినల్ తీగ ఊడి, ఆమె పంపిన జాబితా సగంలో చచ్చిపోయింది. తాళం అలాగే ఉండిపోయింది. దాన్ని తీయడానికి పెట్టినవాడు లేడు, ఇంకెవరూ తీయకూడదు, గోడ మీద అట్ట కూడా ఉంది! ఆ రోజంతా ఒక్క కాగితం బయటికి రాలేదు. యార్డులో ఇంజన్లు నిలబడ్డాయి. తీగ ఎవరిది? సింహాచలమ్మది. మర్నాడు మైతీ బాబు సూసన్నను పిలిపించాడు. "దీదీ, ముందు ఈ యంత్రం జాబితాలు కలిపి ఇచ్చేది, ఇప్పుడు అసలే ఇవ్వడం లేదు. నన్నేం చేయమంటావు? సోమవారం పైవాళ్ళకు జవాబు చెప్పాలి" అన్నాడు.

ఇంకో ఊరి అమ్మాయి అయితే ఆ పొరపాటు చేసేది కాదని నా నమ్మకం. సిక్‌లైన్ ఫిట్టరు కూతురు కాబట్టే చేసింది. వీపు మీద పడిన పాఠం అది.

ఆ సాయంత్రం తీతు ఇంటి వసారాలో కూర్చున్నాం. సన్నగా వాన పడుతోంది. ఉల్లిపాయ, ఆవనూనె కలిపిన మూరీ, అంటే మరమరాలు, పళ్ళెంలో ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. సింహాచలమ్మ వచ్చి గడప పక్కన కూలబడింది.

"నా మూలాన నీ పేరు కూడా సెడతన్నాది సూసన్నమ్మా. సంతకమెట్టీమను. మళ్ళీ ఫైళ్ళే మోస్తాను, మోయనిత్తే" అంది.

"నీ తప్పేటుంది అక్కా? నాదే తప్పు. పాతదాన్లా తీసేస్తే మనిషి మీదికి పోద్ది. తియ్యకపోతే లైనంతా ఆగిపోద్ది. ఏటి సెయ్యాలో తెలవడం లేదు."

తీతు కుర్చీలోంచి గట్టిగా అన్నాడు. "తెలవకపోడానికేటుంది? పెట్టినోడే తియ్యాల. మరో మాట లేదు."

సింహాచలమ్మ తలెత్తి చూసింది. "పెట్టినోడు లేకపోతేనో మామా?"

తీతు ఆమె వైపు కుర్చీ తిప్పుకున్నాడు.

"మా ఆయన జెండా ఎవులు తీసినారు?" అంది ఆమె.

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "ఆ రోజు మద్దినం అన్నానికొచ్చినాడు. పీట మీదే ఒరిగిపోనాడు. అక్కడ యాగన్ మీద జెండా అలాగే ఉన్నాది. ఇంజనొచ్చి నిలబడిపోయిందట. డ్రైవరు కూతేసి కూతేసి తిట్టినాడట. అయినా ఒక్కడూ ముట్టుకోలేదు. ముందు యాగన్ కిందకి దూరి సూసినారట. తరవాత గణపతిరావు మేస్త్రీ మా ఇంటికొచ్చినాడు. ఎదురుగా శవముంది. నేను ఏడస్తన్నాను. మేస్త్రీ టోపీ తీసి గుమ్మంలో నిలబడి, 'జగ్గారావు ఉన్నాడా?' అని అడిగినాడు."

"అలా అడిగాడా?" అన్నాను నేను. నాకు ఆ మేస్త్రీ మీద కోపం వచ్చింది.

"అడగాల కదా టీచరమ్మా. అడక్కండా తియ్యకూడదు. లేడని ఇంట్లో మనిషి సెప్పాల. లేడు బాబూ అని నేను సెప్పినాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. అప్పుడు ఎల్లి తీసినారు."

తీతు తల వంచుకున్నాడు. "నేనూ ఎల్లినాను. గేటుకాడ నిలబడినాను. లోనకి రావడానికి కాళ్ళాడలేదు" అన్నాడు మెల్లగా. అంత కటువైన మనిషి కళ్ళు తుడుచుకోవడం అప్పుడే చూశాను.

సూసన్న మాత్రం ఏడవలేదు. ఆమె కళ్ళు సింహాచలమ్మ మొహం మీదే ఉన్నాయి. "అక్కా, జెండా పెట్టి శానాసేపైందని తియ్యలేదన్నమాట."

"పాతబడితే తీస్తారేటి? మనిషి లేకపోతే తీస్తారు."

"బిళ్ళ నంబరెట్టి అడిగినాడా, పేరెట్టి అడిగినాడా?"

"పేరెట్టే. నంబర్లదేటుంది, మారతాయి. ఆయన బిళ్ళ తరవాత ఇంకోడికిచ్చినారు."

సూసన్న లేచి వెళ్ళి ఆమెను గట్టిగా వాటేసుకుంది. ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు. తరవాత మూరీ పళ్ళెం ముందుకు లాక్కుని గుప్పెళ్ళతో తినేసింది. ఆమెకు ఆకలి వేసిందంటే దారి దొరికిందని నాకు తెలుసు.

ఆమె రాసింది ఇదీ. రెండో కాగితం వచ్చినప్పుడు తాళం కనబడితే, అది ఎంతసేపటిదని చూడదు. తాళం మీద ఉన్న నంబరు పట్టుకుని, ఈ పని ఇంకా బతికి ఉందా అని యంత్రాన్ని అడుగుతుంది. చచ్చినవాడి నంబరు ఇంకొకడికి వచ్చి ఉండొచ్చు కాబట్టి తాళం మీద నంబరుతో పాటు పని పేరు కూడా రాసి, రెండూ సరిచూస్తుంది. ఉన్నాడంటే ఎంతసేపైనా ఆగుతుంది. లేడంటేనే తాళం తీస్తుంది. తీశాక సగంలో ఆగిన కాగితాన్ని బయటికి తోసి, కొత్త కాగితం నెత్తిన 'ముందరి జాబితా పూర్తి కాలేదు' అని ఒక వాక్యం వేస్తుంది. పోయినవాడు పోయాడని పదిమందికీ తెలియాలి కదా.

సోమవారం నాడు ఏం జరిగిందో నాకు సూసన్నా సింహాచలమ్మా విడివిడిగా చెప్పారు, రెండూ ఒక్కలాగే ఉన్నాయి. సూసన్న సింహాచలమ్మను గదికి ఆ చివర, చేతులు కట్టుకుని నిలబడమంది. రెండు జాబితాలకూ మీటలు మైతీ బాబు చేతే నొక్కించింది. మొదట పాత ప్రోగ్రాము. వ్యాగన్ల జాబితా బరబరా బయటికి వస్తూ వస్తూ ఉండగా, బాగైనవాటి మధ్యలోకి జబ్బు వ్యాగన్ల నంబర్లు వచ్చి కూర్చున్నాయి. ఆ కాగితం చింపి చూసుకుని మైతీ బాబు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇది నేనే పంపాను కదా" అన్నాడు.

"మీకు ఛార్జిషీటు ఎవరివ్వాలి బాబూ?" అంది సూసన్న. అదీ మా పిల్ల!

తరవాత కొత్తది. రెండో జాబితా బుద్ధిగా ఆగింది. మొదటిది సగంలో ఉండగా సూసన్న వెళ్ళి ఆ టెర్మినల్ తీగ పీకేసింది. ప్రింటరు ఆగింది. ఒక క్షణం తరవాత ప్రింటరు కాగితాన్ని బయటికి తోసి, పైన ఆ వాక్యం వేసి, రెండో జాబితా మొదలుపెట్టింది. ఒక్క నంబరు కూడా కలవలేదు. మైతీ బాబు సొరుగులోంచి ఛార్జిషీటు తీసి నాలుగు ముక్కలు చేశాడు. చేతులు కట్టుకుని నిలబడ్డ సింహాచలమ్మతో "బైఠియే దీదీ" అని ఆమె కుర్చీ చూపించాడు. ఫైళ్ళు మోసిన ఆవిడను అక్కా అన్నట్టు దీదీ అన్నాడు! ఆవిడ వెళ్ళి కూర్చుంది.

సూసన్న ఆ దిద్దుబాటును కూడా ఐఐటీ దారిన పంపింది. ప్రోగ్రాము లోపల, మనుషులు చదువుకోవడానికి మాత్రమే రాసే వరసలు కొన్ని ఉంటాయి. అక్కడ ఇంగ్లీషులో ఆమె రాసింది నాకు తెలుగులో చెప్పింది: "పాతదైందని తాళం తీయవద్దు. మనిషి ఉన్నాడో లేడో ముందు పేరు పెట్టి అడగాలి. ఇది ఖరగ్‌పూర్ సిక్‌లైన్ పద్ధతి. చెప్పినది సింహాచలమ్మ, జగ్గారావు భార్య." తన పేరు వేసుకోలేదేమని కేకలేశాను. "పంపింది నేనని వాళ్ళకు తెలుసు కదా" అంది. అవతలివాళ్ళు ఆ వరసల్లో ఒక్క అక్షరం తీయలేదు. మరుసటి ఏడు కొత్త డిస్కులు వచ్చినప్పుడు ఆ మాటలు అందులో అలాగే ఉన్నాయి. సూసన్న ఆ తెర మీద వేలు పెట్టి చదివి వినిపిస్తే సింహాచలమ్మ తనూ అక్కడ వేలు పెట్టి చూసిందట. "మా ఆయన పేరు పరాయి దేశాల్లో కూడా ఉన్నాదా?" అని మాత్రం అడిగిందట. ఉందని సూసన్న చెప్పింది.

ఆ తరవాత ఒకసారి పెన్షన్ కాగితం పని మీద నేను వాళ్ళ గదికి వెళ్ళాను. శాలువా కప్పుకుని సూసన్న ఏదో చదువుకుంటోంది. కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు ప్రింటరు దగ్గర నిలబడి ఉన్నాడు. అచ్చవుతున్నది కాస్తా మధ్యలో ఆగిపోయింది. "పాడైపోయింది" అంటూ వాడు దాని నెత్తిన ఒకటి చరచబోయాడు.

తన కుర్చీలోంచి లేవకుండా, కీబోర్డు మీంచి చేయి తీయకుండా సింహాచలమ్మ అంది. "ఆగు బాబూ, కొట్టీకు. గుమ్మంలో నిలబడి అడుగుతన్నాది."